ఆగ్నేయ మూల సాకెట్టు

నేను ఒక సాకెట్టును. గోడలో ఉండే ఆ తెల్లటి మూడు కన్నాల బిళ్ళను. మీలో సగం మంది నన్ను ప్లగ్గు అంటారు. ప్లగ్గు వేరు, నేను వేరు. అది వచ్చిపోయేది, నేను ఉండేదాన్ని. పెట్టేటప్పుడు నావైపు చూడకుండానే గుచ్చేస్తారు, తీసేటప్పుడు వైరు పట్టుకుని లాగేస్తారు. దానికి నేనేమీ అనుకోను, మనుషుల తొందర నాకు అలవాటే. నా కోపం వేరే ఉంది.

ఎక్కడైనా ఒక కొట్టో గోడౌనో తగలబడితే మర్నాడు పేపర్లో ఒకటే మాట. షార్ట్ సర్క్యూటే కారణమని భావిస్తున్నారట! ఎవరు భావించారు? ఎప్పుడు భావించారు? చల్లిన నీళ్ళు ఇంకా ఆరనే లేదు, అప్పుడే భావించేశారా? మనుషుల మీద నెట్టడానికి మొహమాటం అడ్డొచ్చిన ప్రతి నేరాన్నీ మా మీద నెడతారు. మేము ఎదురు కేసు పెట్టలేం కదా. నా మీద కూడా అదే మోపారు. నాతోపాటు ఏ పాపమూ ఎరగని ఒక మనిషి మీద మోపారు. అందుకే ఇంతకాలం నోరు మూసుకున్నదాన్ని ఇప్పుడు తెరుస్తున్నాను, కొంచెం గట్టిగానే మాట్లాడతాను.

నేను పుట్టిన ఫ్యాక్టరీలో నాకు ఏ లోటూ చెయ్యలేదు. లోపల మంచి ఇత్తడి పట్టు పెట్టారు. పైన మంటకు తట్టుకునే ప్లాస్టిక్ పోశారు. ఒక యంత్రం నాలో ప్లగ్గు పెట్టి తీసి, పెట్టి తీసి, నా ఓపిక చూసింది. నిలబడ్డాను. కరెంటు పంపి చూశారు, చల్లగానే ఉన్నాను. నా పుట్టుకలో లోపం లేదని ఇంత గట్టిగా ఎందుకు చెబుతున్నానంటే, తర్వాత గురవయ్య అనే పెద్దమనిషి "అసలు పీసే నాసిరకం అండీ" అని నలుగురిలో అన్నాడు కాబట్టి. ఆడలేక మద్దెల ఓడు అన్న సామెత తెలుగువాళ్ళు ఊరికే పుట్టించలేదు.

ఒక్క సంగతి చెప్పాలి, తర్వాత జరిగిందంతా దాని మీదే నడిచింది. సాకెట్టు ఒంటరిగా నిలబడేది కాదు. నేను ఒక డబ్బాకు స్క్రూలతో బిగుస్తాను, డబ్బా గోడలో కూర్చుంటుంది. ఇటుక గోడ అయితే ఉలితో గుంట తవ్వి, డబ్బా పెట్టి, సిమెంటు పూస్తే అది ఇటుకను పట్టుకుని ఇల్లున్నంత కాలం ఉంటుంది. ఈ మధ్య గదుల మధ్యలో కడుతున్న డొల్ల గోడలు అలా కాదు. చెక్క చట్రానికి అటొకటి ఇటొకటి జిప్సం బోర్డు కొడతారు, మధ్యలో అంతా ఖాళీ. ఆ ఖాళీలో సిమెంటు దేన్ని పట్టుకుంటుంది, గాలినా? అక్కడ డబ్బా నిలవాలంటే రెండే దారులు. బోర్డు వెనక ముందే ఒక చెక్క అడ్డపట్టీ ఉండి దానికి బిగించాలి. లేదా రెక్కల డబ్బా తేవాలి. స్క్రూ తిప్పితే దాని రెక్కలు వెనక్కి తెరుచుకుని బోర్డును కరిచి పట్టుకుంటాయి. ఇందులో బ్రహ్మవిద్య ఏమీ లేదు. డొల్ల గోడ చెడ్డదని కూడా నేను అనను. దాని పద్ధతి దానిది, తెలుసుకుని చేస్తే నిక్షేపంలా పని చేస్తుంది.

తెనాలిలో ఒక ఎలక్ట్రికల్ షాపు అరలో ఉండగా గురవయ్య వచ్చి నన్ను కొన్నాడు. ఆ ఊళ్ళో సగం ఇళ్ళకు తనే వైరింగు చేశానని చెప్పుకునే మనిషి. డొల్ల గోడకని వినగానే షాపాయన రెక్కల డబ్బా తీసి బల్ల మీద పెట్టాడు.

"ఇది తీసుకోండి గురవయ్యగారూ, బోర్డు గోడలకి ఇదే వాడాలి."

గురవయ్య దాన్ని అటూ ఇటూ తిప్పి నవ్వాడు. "డబ్బాకి రెక్కలెందుకయ్యా, ఎగురుద్దా? మామూలు డబ్బా ఇవ్వు. నేను చెయ్యని గోడ ఉందా ఈ ఊళ్ళో?"

చేసిన గోడలన్నీ ఇటుకవి. పాపం ఆ సంగతి ఆయనకు గుర్తు రాలేదు.

నన్ను తీసుకెళ్ళింది స్టేషనుకు దగ్గర్లో ఒక మేడ మీదికి. ఓనరు పేరు భావనారాయణ. పెళ్ళి సంబంధాలు చూసే ఆఫీసు నడుపుతాడు. పై అంతస్తులో పెద్ద హాలుంటే, ఉత్తరం నుంచి దక్షిణానికి మధ్యలో డొల్ల గోడ ఒకటి లేపించాడు. తూర్పు సగంలో తన ఆఫీసు, పడమటి సగం అద్దెకు. అద్దెకొచ్చేది కుట్టుకొట్టని తెలిసి, మిషన్ చప్పుడుకు సంబంధాలు చెడతాయని భయపడ్డాడు. కొత్త ఫ్రిజ్జుతో వచ్చిన థర్మోకోల్ అట్టలు దాచి ఉంచాడట, వాటిని ముక్కలు చేయించి గోడ లోపల కూరించాడు. థర్మోకోల్ చప్పుడును పెద్దగా ఆపదు. అగ్గి తగిలితే మాత్రం కరిగి, కారి, మండుతుంది. ఆ రెండు సంగతుల్లో ఏదీ ఆయన కనుక్కోలేదు.

గోడ కట్టిన వడ్రంగి బోర్డులు మూసే ముందు, పాయింటు ఎక్కడ వస్తుందని అడిగాడు. భావనారాయణ గోడ నడిమధ్యన చూపించాడు. వడ్రంగి అక్కడ వెనకాల అడ్డపట్టీ కొట్టి బోర్డులు మూశాడు. లప్పం పెట్టి రంగు వేశారు. అంతవరకు అంతా సవ్యంగానే ఉంది.

అప్పుడు వాస్తు సిద్ధాంతిగారు వచ్చారు. గోడ లేనప్పుడు ఆ హాలుకు ఉన్నది ఒక్కటే ఆగ్నేయం. గోడ లేవగానే రెండు గదులయ్యాయి, రెండు ఆగ్నేయాలు పుట్టాయి. అద్దె గదికి ఆగ్నేయ మూల అంటే ఈ డొల్ల గోడ దక్షిణపు కొస.

"కరెంటంటే అగ్నేనండీ," అన్నారు సిద్ధాంతిగారు. "అగ్ని నడిగోడలో ఉంటే అద్దెకొచ్చినవాళ్ళు నిలవరు. మూలకి జరిపించండి."

అద్దెవాళ్ళు నిలవరన్న మాట భావనారాయణ గుండెల్లో గుచ్చుకుంది. వెంటనే నన్ను మూలకు మార్చమన్నాడు. అక్కడ వెనకాల అడ్డపట్టీ లేదు, థర్మోకోల్ ఉంది. నాకు అన్నిటికంటే మంటపుట్టించే సంగతి ఒకటుంది. ఆ మూలలోనే, చెయ్యి చాపితే అందే దూరంలో, నిఖార్సైన ఇటుక గోడ ఉంది. అదీ ఆగ్నేయమే. సిద్ధాంతిగారికీ అభ్యంతరం ఉండేది కాదు. గురవయ్య ఆ మాట అన్నాడు కూడా.

"ఇటుక గోడకి కొడితే గట్టిగా ఉంటదండీ."

"కొత్తగా రంగేయించానయ్యా. ఇప్పుడు గాడి కొడితే మచ్చ కనపడదూ? ఆ డొల్ల గోడకే కొయ్యి. బ్లేడు పెడితే వెన్నలా తెగుద్ది."

"సరే, మీ ఇష్టం," అన్నాడు గురవయ్య. అలా ఒక గోడ రంగు కోసం నా తలరాత రాసేశారు.

హాక్సా బ్లేడుతో బోర్డులో కన్నం కోశాడు. అవసరానికి మించి పెద్దది కోశాడు. డబ్బా అందులో గిలక్కాయలా ఆడింది. పాత పేపరు ఉండలు చుట్టి సందుల్లో దోపాడు, పైన పీవోపీ ప్లాస్టరు కలిపి మెత్తాడు. "ఎండితే రాయైపోద్ది," అని చేతులు దులుపుకున్నాడు. అయింది, నిజంగానే రాయి అయింది. కాకపోతే ఆ రాయి దేన్నీ పట్టుకోలేదు. పేపరును పట్టుకుంది, పేపరు థర్మోకోలును పట్టుకుంది, థర్మోకోల్ ఎవరినీ పట్టుకోలేదు. ముందు నుంచి చూస్తే నేను తెల్లగా, నిటారుగా, గవర్నమెంటు ఆఫీసరులా ఉన్నాను. పైన పటారం లోన లొటారం.

ఆ గదిలోకి వచ్చింది హైమావతి. అంతకుముందు ఇంటి వరండాలో మిషన్ పెట్టుకుని జాకెట్లు కుట్టేది. వానొస్తే బట్టలు లోపలికి మోసుకెళ్ళడం, ఎండొస్తే మిషన్ జరుపుకోవడం. సొంతంగా ఒక కొట్టు, గోడకు ఒక అద్దం, తన పేరుతో ఒక బోర్డు, ఇవి ఆమె ఎన్నాళ్ళుగానో కోరుకున్నవి. మొదటి రోజు అద్దం తగిలించి, దాని ముందు ఒక్క నిమిషం ఊరికే నిలబడి నవ్వుకుంది. తర్వాత తల వంచి మిషన్ ముందు కూర్చుంది.

జాకెట్టుకు కుట్టు ఎంత బాగా పడినా ఇస్త్రీ పడితేనే రూపు వస్తుందని ఆమె నమ్మకం. చంక దగ్గరి కుట్టు, వెనక డోరీ, చేతుల అంచు, అన్నీ ఇస్త్రీ చేసి, మడత పెట్టి గానీ ఇచ్చేది కాదు. అందుకని బరువైన ఇస్త్రీ పెట్టె ఒకటి పొద్దస్తమానం నాలో ఉండేది. కుట్టుపనిలో ఉన్నవాళ్ళకు ఒక భయం ఎప్పుడూ ఉంటుంది. చేతిలో ఉన్నది పరాయి బట్ట. పట్టు పరాయిది, దాని మీద ఆశ పరాయిది. ఒక్క జాకెట్టు కాలిందన్న మాట పుడితే చాలు, ఊళ్ళో ఇంకెవ్వరూ బట్ట చేతికివ్వరు. ఆమెకున్న ఆస్తి ఆ నమ్మకం ఒక్కటే, అది పోతే కొట్టూ పోతుంది.

కొద్ది రోజులకే ప్లగ్గు తీయబోతే దాంతోపాటు నేనూ బయటికి రావడం మొదలుపెట్టాను. హైమావతి గమనించింది. అప్పటినుంచి ఎడమ అరచేత్తో నన్ను గోడకు అదిమి పట్టుకుని, కుడిచేత్తో మెల్లగా ప్లగ్గు తీసేది. ఆ గోడ చేయవలసిన పనిని ఆమె చెయ్యి చేసింది. ఆ అరచేయి గుర్తొస్తే ఇప్పటికీ నా కోపం రెట్టింపవుతుంది.

వెళ్ళి ఓనరుకు చెప్పింది.

"బాబాయిగారూ, ఆ పాయింటు ఊగుతుందండీ. ఒకసారి చూపించండి."

"గట్టిగా లాగుతున్నావమ్మాయ్. ఆడవాళ్ళ చేతిలో ఏదీ మన్నదు," అన్నాడు భావనారాయణ, ఎవరి అమ్మాయి జాతకమో తిరగేస్తూ.

మళ్ళీ మళ్ళీ అడగగా గురవయ్య వచ్చాడు. రాలిన పీవోపీ ఊడ్చి, కొత్త పీవోపీ మెత్తాడు. ఇంకాస్త పేపరు దోపాడు. వెనక వైర్ల స్క్రూలు వదులయ్యాయేమో చూడనైనా చూడలేదు. హైమావతి పక్కనే నిలబడి చూసింది.

"అన్నయ్యా, ఆ పక్క ఇటుక గోడలో పెడితే పోదా? కావాలంటే నేనే చేయించుకుంటా."

"గోడల జోలికెళ్తే ఓనరుగారు ఊరుకోరమ్మా."

"మీరు చెప్తే వింటారేమో, చెప్పి చూడండి."

"నాకెందుకొచ్చిన గొడవ చెప్పు," అని సంచి భుజాన వేసుకుని వెళ్ళిపోయాడు.

ఈ దేశంలో వైర్ల వల్ల ఎన్ని కొంపలు అంటుకున్నాయో నాకు తెలియదు. ఈ మాట వల్ల అంతకంటే ఎక్కువే అంటుకుని ఉంటాయి. భావనారాయణకు తెలియదు, ఆయన మీద సగం కోపం. ఇతనికి తెలుసు, ఇతని మీద మొత్తం కోపం.

ఊగి ఊగి నా వెనక వైరు స్క్రూ వదులైంది. ఇస్త్రీ పెట్టె కరెంటు లాగినప్పుడల్లా ఆ వదులు దగ్గర చిటపటలాడేది. నేను వేడెక్కేదాన్ని. నా ముఖం మీద గోధుమరంగు మచ్చ ఒకటి లేచింది. మేము మాట్లాడలేమని ఎవరన్నారు? వేడి మా మాట, మచ్చ మా మాట, వాసన మా కేక. అంతకంటే ఎలా చెప్పమంటారు?

హైమావతికి ఆ వాసన తెలిసింది. ముక్కు పెట్టి చూసి, "ఇది బట్ట వాసన కాదు," అనుకుంది. ఓనరును పిలుచుకొచ్చింది. ఆయన గుమ్మంలోనే నిలబడి గాలి పీల్చాడు.

"ఇస్త్రీ కొట్టన్నాక కాలిన వాసన రాక మల్లెపూల వాసనొస్తుందా?"

పైగా మర్నాడు ఒక అగరొత్తుల కట్ట పంపించాడు. అవును, అగరొత్తులు! నేను లోపల కాలిపోతుంటే నాకు ధూపం వేయించాడు మహానుభావుడు.

శ్రావణమాసం వచ్చింది. వరలక్ష్మీ వ్రతానికి జాకెట్లు కుట్టమని బట్టలిచ్చినవాళ్ళు అందరూ గురువారం వస్తారు. మంగళవారం మధ్యాహ్నం. భావనారాయణ భోజనానికి వెళ్ళాడు. హైమావతి ఒక పట్టు జాకెట్టు మీద తడిగుడ్డ పరిచి ఇస్త్రీ చేస్తోంది. నా వెనక చిటపట ఒక్కసారిగా పెద్దదైంది. వైరు తొడుగు కరిగింది, పేపరు అంటుకుంది, దాని నుంచి థర్మోకోలుకు పాకింది. నా అంచుల్లోంచి నల్లటి పొగ సన్నగా లేచింది.

ఆమె అరవలేదు. గుమ్మం పైనున్న ఎంసీబీ స్విచ్చి దించేసింది. దించేదాకా అది పడనే లేదన్నది గుర్తు పెట్టుకోండి. షార్ట్ సర్క్యూట్ అయ్యుంటే దానంతట అదే పడేది. తర్వాత వచ్చి ప్లగ్గు పట్టుకుని లాగింది. నేను, డబ్బా, పీవోపీ పెళ్ళలు అన్నీ కలిసి ఆమె చేతికి వచ్చేశాం. ఆమె అరచేతిలో చర్మం నాకు అంటుకుంది. నా వెనక కన్నంలో ఎర్రగా కనబడుతోంది. డొల్ల గోడ లోపల మంట పొయ్యి గొట్టంలో పొగలా నేరుగా పైకి పోతుంది, ఇంకాసేపైతే పైకప్పు చెక్కలకు అంటుకునేది. హైమావతి అదే ఇస్త్రీ పెట్టె ఎత్తి గోడను కొట్టింది. మళ్ళీ కొట్టింది. బోర్డు విరిగి పడింది. తాగేనీళ్ళ క్యాను ఎత్తి లోపల కుమ్మరించింది. మండుతున్న థర్మోకోలును కర్రతో బయటికి లాగి కాలితో తొక్కింది. అంతా ఆరిపోయాక గోడకు ఆనుకుని కూర్చుని, జాకెట్లు ఒక్కొక్కటీ తీసి వెలుగులో పెట్టి చూసింది. ఒక్కదానికీ మచ్చ లేదు. అప్పుడు ఏడ్చింది.

భావనారాయణ వచ్చి ముందు చూసింది గోడను.

"అయ్యో, నా గోడ! ఇలా పగలగొట్టేశావేంటమ్మా?"

ఆమె చెయ్యి చూపించింది. ఆయన చెయ్యి వైపు చూడలేదు. నెలాఖరుకు ఖాళీ చేయమన్నాడు. సాయంత్రానికి వీధిలో కథ తయారైంది. ఇస్త్రీ పెట్టె వేసి ఫోనులో కబుర్లు చెబుతూ కూర్చుందట. షార్ట్ సర్క్యూట్ అయిందట. గురవయ్యను పిలిపిస్తే, సాకెట్టు నాసిరకం, ఆమె వాడకం మోటు అని ఇద్దరి మీదా చెరిసగం పంచాడు. బుధవారం పొద్దున్నే ఒకావిడ ఇంకా కత్తెర పెట్టని చీర ముక్క వెనక్కి తీసుకెళ్ళింది. "ఏమీ అనుకోకు హైమా, మా అత్తగారు భయపడుతున్నారు," అంది. ఆ తర్వాత ఇంకొకావిడ వచ్చింది. కట్టు కట్టిన చేత్తో బట్ట మడతపెట్టి ఇస్తుంటే హైమావతి ముఖం నేను చూడలేకపోయాను.

భావనారాయణ గురువారం పొద్దున వడ్రంగిని కొత్త బోర్డుతో పంపించాడు, కన్నం మూసెయ్యమని. మూస్తే ఇంకేముంది, కథ ఒక్కటే మిగులుతుంది. హైమావతి ఆ కన్నం ముందు కుర్చీ వేసుకుని కూర్చుంది.

"సాయంత్రం దాకా దీన్నెవరూ ముట్టుకోవడానికి వీల్లేదు. నెలాఖరు దాకా ఈ గది నాది."

జాకెట్ల కోసం ఆడవాళ్ళు రావడం మొదలైంది. వచ్చిన ప్రతి మనిషికీ ఒకటే మాట.

"జాకెట్టు తర్వాత ఇస్తా. ముందు ఇటు రండి, ఈ కన్నంలో తల పెట్టి చూడండి."

చూశారు. సగం కాలిన థర్మోకోల్, పేపరు ఉండలు, ఎక్కడా ఆనుకోని పీవోపీ. ఇందుమతిగారని బ్యాంకులో పనిచేసి రిటైరైన ఆవిడ, కళ్ళజోడు సవరించుకుని మరీ చూసింది.

"ఇదేంటే, వెనకాల ఏమీ లేదు! దీన్ని దేనికి బిగించారు?"

"అదే నేనూ అడుగుతున్నానండీ," అంది హైమావతి.

గొడవకు భావనారాయణ ఇవతలికి వచ్చాడు. "నలుగురిలో నా పరువు తీస్తున్నావా?"

"మీ గోడ చూపిస్తున్నానండీ. పరువు గోడలోనే ఉంటే నేనేం చెయ్యను? కాలింది నా చెయ్యి. తగలబెట్టిందని నా పేరు చెప్తున్నారు. వాసనొస్తుందని ఎన్నిసార్లు చెప్పానో మీ మనసుకి తెలీదా?"

ఆయన అందరికీ మంచి సంబంధాలు చూసిపెట్టే మనిషి, ఆ ఆడవాళ్ళను చూసి తన ఆఫీసులోకి వెళ్ళి తలుపేసుకున్నాడు. నాకు ఆ పూట ఉన్నంత తృప్తి మళ్ళీ కలగలేదు.

గది మాత్రం పోయింది. నెలాఖరున ఆమె సామాను సర్దుకుంటుండగానే కొత్త బోర్డు కొట్టారు. లోపలి కాలిన థర్మోకోల్ తీయలేదు, దాని మీదే మూశారు. గురవయ్య కొత్త సాకెట్టుతో వచ్చి బ్లేడు తీశాడు. ఆగ్నేయం మారదు కదా, మళ్ళీ అదే చోట కోశాడు.

"మళ్ళీ ఇక్కడేనా?" అంది హైమావతి.

గురవయ్య పేపరు ఉండ చుట్టి సందులో దోపాడు. చెత్తలో పడి ఉన్న నన్ను ఆమె తీసి, మసి తుడిచి, హుక్కులూ బొత్తాలూ ఉండే రేకు డబ్బాలో వేసుకుంది. ఎందుకు తీసుకుందో అప్పుడు ఆమెకే తెలియదనుకుంటాను.

మార్కెట్టు వెనక వీధిలో ఇటుక గోడల చిన్న గది దొరికింది. గోడ లోపల చూసినవాళ్ళందరూ వెతుక్కుంటూ వచ్చారు, రానివాళ్ళను తీసుకొచ్చారు. చేతి మీద మచ్చ మిగిలింది గానీ పేరు మీద మచ్చ పోయింది. ఇక్కడితో ఊరుకుంటే ఆమెకు సుఖం. నేను కూడా బొత్తాల మధ్య చల్లబడేదాన్నేమో.

విజయదశమి వెళ్ళిన తర్వాత ఇందుమతిగారు జాకెట్టు ముక్క తెచ్చి, మాటల్లో అంది.

"నువ్వుండేదానివే, ఆ గది, దాన్ని ప్లే స్కూలు చేశారే. గోడలకి బాతులు, కుందేళ్ళు, ఎంత ముద్దుగా వేశారో! మా మనవణ్ణి చేర్పిద్దామని చూసొచ్చాం. పాలు కాచుకోవడానికి కరెంటు కెటిలు కూడా పెట్టారు."

"కెటిలు ఎక్కడ పెట్టారండీ?"

"ఆ మూలనే, కొత్త సాకెట్టుకి." అని, అనేశాక ఆవిడ ముఖం తెల్లబోయింది.

కత్తెర ఆగిపోయింది. హైమావతి రేకు డబ్బా తెరిచి, బొత్తాలు కెలికి, నన్ను బయటికి తీసింది.

"ఇప్పుడు నువ్వెళ్ళి చెప్తే బాగోదే," అంది ఇందుమతిగారు మెల్లగా. "కొట్టు పోయిందన్న కడుపుమంటతో చేస్తోందంటారు. ఇప్పుడిప్పుడే కుదురుకున్నావు."

"అననివ్వండి," అంది హైమావతి. పట్టపగలు షట్టరు దించి, నన్ను గుప్పిట్లో పట్టుకుని నడిచింది.

మేడ గేటు దగ్గర తల్లులు పిల్లలను దింపుతున్నారు. పై నుంచి భావనారాయణ చూశాడు.

"మళ్ళీ వచ్చావా? కడుపుమంట ఇంకా తీరలేదా నీకు? అమ్మా, దాని మాట వినకండి, అది నా గది తగలబెట్టిన మనిషి!"

కొందరు ఆమెను ఎగాదిగా చూసి, పిల్లల చేతులు గట్టిగా పట్టుకుని పక్కనుంచి వెళ్ళిపోయారు. నన్ను కరిగించి పారేసినా ఇంత మండేది కాదు. హైమావతి కదల్లేదు. ఒక తల్లి ఆగింది. రెండు పిలకల చిన్నపిల్ల ఆమె చెయ్యి పట్టుకుని ఉంది.

"ఏంటండీ అది?"

హైమావతి నన్ను వెనక్కి తిప్పి, కాలి నల్లబడి కరిగిన వైపు చూపించింది.

"పైన మూలలో ఇలాంటిదే ఉంటుందమ్మా, కెటిలు పెట్టేది. బిళ్ళ మీద అరచెయ్యి పెట్టి కొంచెం అటూ ఇటూ కదిపి చూడండి. కదలకపోతే నాది కడుపుమంటే. ఇంకెప్పుడూ ఈ వీధిలో కనపడను."

ఆ తల్లి పైనున్న భావనారాయణను చూసింది, నన్ను చూసింది, హైమావతి అరచేతిలోని మచ్చను చూసింది. తర్వాత పాప చేతిని తెచ్చి ఆ మచ్చ ఉన్న చేతిలో పెట్టింది.

"ఇక్కడే ఉంచండి దీన్ని, ఇప్పుడే వస్తా," అని మెట్లెక్కింది.

పాప కాసేపు అమ్మ వెళ్ళినవైపు చూసి, తర్వాత నన్ను చూసింది. నా కన్నాలు దానికి నచ్చినట్టున్నాయి. చూపుడు వేలు చాపి ఒక కన్నంలో పెట్టింది. హైమావతి ఉలిక్కిపడి లాగబోయి, ఆగింది. నాలో కరెంటు లేదు. పైన ఉన్నదానిలో ఉంది.